గల్ల కింద తెల్లంచు

మట్టెవాడల యాకూబ్‌పాషా
టేపు మెడకేసుకొని, కొలత తీసే ముందు
ఎవలనైనా ఒకటే అడుగుతడు:
"లోపల బనీను ఏస్తవా, ఎయ్యవా?"
ఏస్తే ఛాతి కాడ అరంగుళం ఎక్కువ.
ఎయ్యకుంటే ఎంతుందో అంతే.

ముప్పై ఏండ్ల సంది ఆలోచించకుంట జవాబు చెప్పిన.
ఈ ఎండకాలం మాత్రం
నోరు తెరిసి, మల్ల మూసుకున్న.

ఎనుమాముల యార్డుల
కంప్యూటర్ కాడ కొత్తగ కూసున్న పోరడు, రిత్విక్,
నా అంగి పై రెండు గుండీల సందుల కెల్లి చూసి
"కాకా, నీ బనీను బైటికొచ్చి నమస్తే పెడుతుంది" అన్నడు.
హమాలీలు నవ్విన్రు. నేను గూడ నవ్విన.
నవ్వుకుంటనే ఒక గుండీ పెట్టుకున్న.
మెడ ఉడికిపోయింది.

వాని లెక్క వానిది.
గల్ల తెరిసినవంటే గాలి కోసమే తెరిసినట్టు,
తెరిసిన తలుపుకు మల్ల పరద ఎందుకు?
మాట సక్కగనే ఉంది.
సక్కగున్న మాటలే నన్ను నిద్రపోనియ్యవు.

మా బాపు ఆజంజాహి మిల్లుల పనిచేసేటోడు.
అంగి మొలకు తగిలేసి, బనీను మీదనే షిఫ్టంత.
ఇంటికొచ్చి ఇప్పితే
మెడ మీద, ఛాతి ఎంటికల మీద దూది.
"మీ అయ్యకు ఎనిమిది గంటల్ల ముసలితనం వస్తది,
తానం చేస్తే పోతది" అనేది అమ్మ.
ఆ బనీనుకు లోపటి దిక్కు అమ్మ కుట్టిన జేబు.
జీతం నాడు దాని మీద చెయ్యేసుకొని నడిసొస్తుంటే
తెల్వనోళ్లు గుండెనొప్పి అనుకునేటోళ్లు.

నేను దడువాయిని.
మిర్చి బస్తా కాంటా మీద పడ్డప్పుడల్ల
ఎర్రగ లేస్తది ఘాటు.
అయినా ఒక్కనాడు, పోరని మాట పట్టుకొని,
బనీను లేకుంట పోయిన.

పొద్దున తొమ్మిదింటికి గాలి తగిలింది.
అబద్ధం ఎందుకు, హాయిగుండె.
హన్మకొండ చౌరస్తల చేతులిడిసి సైకిల్ తొక్కినోడు
ఎక్కడ దాక్కున్నడో ఇన్నేండ్లు,
వచ్చి నా అంగిల దూరిండు.
పదకొండింటికి తేజ లాటొచ్చింది.
పన్నెండింటికి నల్ల కింద నిలబడ్డ,
అంగితోనే.

రాత్రి వినోద ఛాతికి పెరుగు రాసుకుంట
ఏమనలేదు.
అంటే బాగుండు.
రాసి, చెయ్యి కడుక్కొని,
ఇస్త్రీ బట్టల నడుమ కెల్లి ఒక బనీను తీసి
దండెం మీదేసి పండుకుంది.

ఆదివారం భద్రకాళి కట్ట మీద రిత్విక్ కలిసిండు.
గీతల అంగి, ఒక్క గుండీ గూడ పెట్టలే,
లోపల తెల్లగ మెరుస్తుంది.
"మరి గిదేందిరా?"
"బనీను కాదు కాకా, టీషర్టు."
ఇద్దరం దాని దిక్కు చూసినం.
చేతులున్నయ్, నిజమే.
చెరువు గాలికి వాని అంగి రెండు పక్కలకు ఎగిరింది,
లోపలిది మాత్రం ఒంటికి అతుక్కొనే ఉంది,
చెమటకు.

"ఏం సార్, ఏస్తవా, ఎయ్యవా?"
యాకూబ్‌పాషా టేపు నా చుట్టు పట్టుకొని ఇంక ఆగిండు.
ఎనక బెంచీ మీద ఇద్దరు ఎదురుచూస్తున్నరు.
"యార్డుకు ఏస్త. ఆదివారం... సూడాలె."
"ఆదివారం ఛాతి వేరే ఉంటదా?"
"పావంగుళం పెట్టు" అన్న.

కండ్లద్దాల మీదికెల్లి నన్ను చూసిండు,
చెవి మీద పెన్సిల్ తీసి
బుక్కుల ఏందో ఉర్దూల రాసుకున్నడు.
నాకు చదువరాదు.
"శుక్రారం రా" అన్నడు.